మేకకు లేనివి

నవంబరు పదమూడు, గురువారం. ఈ రోజు నన్ను మొదట ఆశ్చర్యపరిచింది నిశ్శబ్దం. ఎదురింటి ముందు నీళ్లు గుమ్మరించే చప్పుడు, స్టీలు బేసిన్‌ను బండ మీద ఈడ్చే చప్పుడు వినకుండా నాకు మెలకువ వచ్చిన రోజులు చాలా తక్కువ. ఇంకా తెల్లారలేదేమో అనుకున్నాను. కళ్లు తెరిస్తే కిటికీలో ఎండ ఉంది. అమ్మ గడప దగ్గర నిలబడి కొంగుతో ముఖం తుడుచుకుంటోంది.

"లెయ్ పాపా. పెద్దమ్మ లేదు" అంది.

"యాడికి పోయింది?" అని అడిగాను.

అమ్మ ఎదురింటి వైపు చూసింది. ఆమె ఏమందో నాకు అర్థం కావడానికి కొంచెం సేపు పట్టింది.

నాలుగు గంటలప్పుడు పెద్దమ్మకు ఒళ్లంతా చెమటలు పట్టాయట. పక్కింటివాళ్లు ఆటో ఎక్కించారు గానీ ఆసుపత్రి చేరకముందే ప్రాణం పోయిందట. గుండె అని డాక్టరు చెప్పాడట. ఆ చివరి మాట వినగానే నాకు సోమవారం సాయంత్రం గుర్తొచ్చింది. ఎందుకో తర్వాత చెప్తాను. ముందు ఆమె ఎవరో చెప్పాలి. ఇది చదివే మీలో చాలామందికి ఆమె తెలియదు. తెలిసినవాళ్లకు కూడా బోటి కడిగే మనిషిగానే తెలుసు.

ఆమె నాకు వరసకు పెద్దమ్మ కాదు. మార్కాపురంలో పలకల ఫ్యాక్టరీల వెనక ఉన్న మా కాలనీలో మావి ఎదురెదురు ఇళ్లు. ఆదివారం ఒకే చర్చికి పోతాం. నాకు ఊహ తెలిసినప్పటి నుంచి ఆమె పెద్దమ్మే. మటన్ దుకాణం నుంచి తెల్లారకముందే మేక తలకాయలు, కాళ్లు, పేగులు గంపలో వచ్చేవి. ఆమె వాకిట్లో నల్లరాయి బండ ముందు కూర్చుని తలకాయలూ కాళ్లూ కాల్చేది, పేగులూ కడుపూ సున్నం నీళ్లతో కడిగి, తిరగేసి, మళ్లీ కడిగేది. ఎనిమిదయ్యేసరికి అంతా అమ్ముడుపోయేది. ఆదివారాలు మాత్రం చింతపండుతో చేతులు రుద్దుకుని, తెల్ల చీర కట్టుకుని, అందరికంటే ముందు వచ్చి చర్చిలో చాపలు పరిచేది. ఇంతా చేసి ఆమె మాంసం తినేది కాదు. "పొద్దన్నుంచి దాంతోనే ఉంటా. అన్నం కాడ కూడా అదేనా?" అనేది.

ఆగస్టులో నేను నర్సింగ్ మొదటి సంవత్సరంలో చేరాను. శరీర నిర్మాణం పాఠం ఎముకలతో మొదలైంది. ల్యాబ్‌లో చెక్కపెట్టెలో దూది పరిచి ఎముకలు పెట్టి ఉంటాయి. మొదటి రోజు మేడమ్ నా చేతిలో పుర్రె పెట్టింది. నేను అనుకున్నదానికంటే తేలికగా ఉంది. ఆ తేలికకే భయపడ్డాను. వేళ్లు వదులైపోయాయి. పక్కనున్న అమ్మాయి పట్టుకోకపోతే నేల మీద పడేది.

ఆ సాయంత్రం పెద్దమ్మకు చెప్పాను.

"నిజం ఎముకలేనా?" అని అడిగింది.

"నిజంవే పెద్దమ్మా."

"ఎవురివి?"

"తెలియదు."

ఆమె బండ కడుగుతున్న చీపురు పక్కన పెట్టింది. "పేరు తెలియని మనిషిని చేతులోకి తీసుకునేటప్పుడు ఒక వందనం చెప్పి తీసుకోవాల పాపా. నువ్వు మర్యాద చేస్తే నీ చెయ్యి వణకదు" అంది.

మర్నాటి నుంచి నేను పెదవులు కదపకుండా వందనం చెప్పి ఎముకను తీసుకునేదాన్ని. చెయ్యి వణకడం పూర్తిగా ఆగిందని చెప్పను. తగ్గింది.

నాకు కొత్తగా మాటల పిచ్చి పట్టింది. పదో తరగతి వరకు తెలుగులో చదివాను, ఇప్పుడు పుస్తకం ఇంగ్లీషు. ఒక్కో ఇంగ్లీషు పేరుకు పాత పుస్తకంలో తెలుగు పేరు వెతికి నోటుబుక్కులో రాసుకోవడం అలవాటైంది. జత్రుక ఒక ఎముక; ఆంత్రమూలం, శేషాంత్రికం పేగు భాగాలు. అర్థం కాకముందే ఆ మాటలు నోట్లో తిప్పుకుంటే బాగుండేది. కానీ పేగులు ఎక్కడ మొదలై ఎక్కడ మారతాయో బొమ్మ చూసి ఎంత చదివినా తలకెక్కలేదు. బొమ్మలో ఒక్కోదానికి ఒక్కో రంగు. లోపల రంగులు ఉండవు కదా.

ఆ సంగతి పెద్దమ్మతో అంటే, "రేపు ఐదున్నరకు రా. చేతికి గాజులు తీసేసి రా" అంది.

ఆమె పని చేసే తీరు ఇంకెక్కడా చూడలేదు. బేసిన్‌లో నీళ్లు రెండు నిమిషాలకే మడ్డిగా అయిపోతాయి. లోపల ఏమీ కనబడదు. ఆమె చూసేది కూడా కాదు. రోడ్డు వైపు చూస్తూ, పోయేవాళ్లను పలకరిస్తూ, చేతులతోనే పేగు పొడవునా నడిచిపోయేది. ఒకచోట ఆగి, "ఇంగో, ఈడ మారింది" అనేది.

"ఎట్ల తెలిసింది?"

"కండ్లతో చూస్తే అంతా ఒకటే పేగు పాపా. వేలికి తెలుస్తాది. ఈడిదాకా మందం, ఈడ్నించి పలచన. చెయ్యి పెట్టు."

పెట్టాను. వెచ్చగా, జారుడుగా ఉంది. లేచి కాలవ దగ్గరికి పరిగెత్తాను.

"కానీలే, వాంతి చేసుకోని రా. పేగులు యాడికీ పోవు. నేనూ యాడికీ పోను" అంది. రోడ్డు మీద పోతున్న పాలాయన నవ్వాడు. "మీ నర్సమ్మ ముందు మాకు సూదేస్తాదా, నీ మేకకా?" అన్నాడు. "నీకు పెద్ద సూది దాచి పెట్టమని చెప్తాలే" అంది పెద్దమ్మ.

నాలుగు రోజుల తర్వాత వాంతి రాలేదు. ఆరో రోజు నేనూ రోడ్డు వైపు చూస్తూ వేళ్లతో వెతకడం నేర్చుకున్నాను. ఆమె పేర్లు ఆమెకు ఉండేవి. మేక కడుపులో ఒక సంచి తుండుగుడ్డ, ఒకటి తేనెపట్టు, ఆకులు ఆకులుగా ఉండేది పుస్తకం, నున్నగా ఉండే నాలుగోది అసలు కడుపు. పెద్దపేగు చుట్టలు చుట్టుకుని ఉండే చోటు చక్కిలం. నేను ఒక పక్క ఆమె పేర్లు, ఇంకో పక్క పుస్తకం పేర్లు రాసుకున్నాను. అంధనాళం దగ్గర ఆమె నన్ను ఆపింది.

"అంటే ఏంది?"

"ఒక పక్క మూసుకోని ఉంటది పెద్దమ్మా. దారి లేదు. అందుకే గుడ్డిది అన్నారు."

"పాపం. దారి లేకపోతే గుడ్డిదా? దాని పని అది చేస్తానే ఉంది గదా" అంది.

అక్టోబరు చివర ల్యాబ్‌లో ముందస్తు పరీక్ష పెట్టారు. ప్లాస్టిక్ బొమ్మ కడుపు తెరిచి ఉంది. మేడమ్ నన్ను ఉండుకం చూపించమంది. అదే, అపెండిక్స్. నాకు భయమేసినప్పుడు కళ్లు మూసుకుని వేళ్లతో వెతకడం అలవాటైపోయింది. అట్లాగే చేశాను. అంధనాళం దొరికింది. దాని చివర ఏదో చిన్న తోకలాంటిది వేలికి తగిలింది. అది అక్కడ ఉండకూడదు అనిపించింది.

"ఇది మేకకు ఉండదు మేడమ్" అన్నాను.

తరగతి మొత్తం నవ్వింది. మేడమ్ కూడా నవ్వు ఆపుకోలేకపోయింది. "రేపు వార్డులో నీ ముందు పడుకునేది మేక కాదమ్మా" అంది. ఆ తర్వాత జత్రుకను, అంటే మెడ కింద ఉండే ఎముకను, చేతిలో పెట్టి ఇది కుడిదా ఎడమదా అని అడిగింది. చెప్పలేకపోయాను. తప్పాను. అసలు పరీక్షలో కూడా తప్పితే మిగతావాళ్లతో పాటు వార్డుకు పంపరని ముందే చెప్పి ఉన్నారు. ఆ రోజు నుంచి నాకు అన్నం సరిగా సయించలేదు.

పెద్దమ్మకు చెప్తే కళ్లలో నీళ్లు వచ్చేదాకా నవ్వింది. తర్వాత నవ్వు ఆపి, బండ మీద కూర్చుని నన్నూ పక్కన కూర్చోమంది.

"తప్పు నాది పాపా. నాకు మేక దాకానే తెలుసు, ఆడికే చెప్పినా. మిగిలింది ఇద్దరం నేర్చుకుందాం. ముందు ఒక పని చెయ్యి. మేకకు లేనివి ఏమేముండాయో అవి రాయి. మేకకు ఉండేవి నీకు వచ్చు గదా."

ఆ చిట్టా నా నోటుబుక్కులో రెండు పేజీలు ఉంది. నేను పుస్తకం చూసి చదువుతుంటే, ఆమె వేళ్లతో తన ఒంటి మీదే వెతికేది. జత్రుక దగ్గర ఆమె చెయ్యి మెడ కింద ఆగిపోయింది. "ఈ ఎముక మేకకు లేదే. నలభై ఏండ్లుగా దుకాణంలో కోసేది చూస్తాండా, ఎప్పుడూ కనపళ్లా" అంది. అది ఎందుకుందో చదివాను. భుజాన్ని ఛాతీకి దూరంగా నిలబెడుతుంది, అందుకే మనిషి చేతులు పక్కలకు చాపగలడు. మేకకు నడవడానికి తప్ప ముందు కాళ్లతో పని లేదు. పెద్దమ్మ తడి చేతులు రెండూ పక్కలకు చాపి చూసుకుంది. మళ్లీ దగ్గరికి తెచ్చింది. మళ్లీ చాపింది.

"అంటే, పిల్లోళ్లను ఎత్తుకునేదానికి" అంది.

పుస్తకంలో అట్లా లేదు. నేను అట్లాగే రాసుకున్నాను.

పై వరసలో ముందు పళ్లు మేకకు లేవని ఆమె చెప్పేదాకా నాకు తెలియదు. పెద్దపేగు మనిషికి చక్కిలం కాదని, పైకి పోయి, అడ్డంగా నడిచి, కిందికి దిగుతుందని నేను చెప్పాను. "అంటే ద్వారబంధం" అంది. ఇప్పుడు ఏ ఇంటి ముందు నిలబడినా నాకు పెద్దపేగు కనిపిస్తోంది. చిట్టా చివర నేను సరదాకి 'భయం' అని రాసి చదివి వినిపించాను. ఆమె తల అడ్డంగా ఊపింది.

"అది కొట్టెయ్. భయం దానికీ ఉంది. నేను చూసినా."

కొట్టేశాను.

ఇక సోమవారం సాయంత్రం సంగతి. దీని గురించి రాయడానికి నాకు భయంగా ఉంది. అయినా ఇది లేకుండా పైదంతా రాసి ఆపేస్తే అబద్ధం చెప్పినట్టే.

కాలేజీ నుంచి వచ్చేసరికి ఆమె గడప మీద కూర్చుని ఉంది. ఎప్పుడూ ఆ వేళకు కూర్చోదు. నా చెయ్యి పట్టుకుని, రొమ్ము ఎముక ముగిసే చోట, పక్కటెముకలు రెండు వైపులా విడిపోయే ఆ గుంటలో పెట్టుకుంది.

"పాపా, ఈడ ఏముంది?"

నాకు సంతోషం వేసింది. నిజం చెప్తున్నాను, నాకు సంతోషమే వేసింది. పరీక్షలో వచ్చే ప్రశ్న అది. నాకు జవాబు తెలుసు.

"జీర్ణాశయం పెద్దమ్మా. అన్నం పోయే కడుపు. దీనికి నాలుగు భాగాలు" అని మొదలుపెట్టి అన్నీ అప్పజెప్పాను. అన్నవాహిక వచ్చి కలిసే చోటుకు గుండె పేరే పెట్టారని, గుండెకు దగ్గరగా ఉంటుంది గనక అట్లా పెట్టారని కూడా చెప్పాను. నా నోటితో నేనే చెప్పాను.

"నొస్తాంది" అంది.

"గ్యాస్ అయ్యుంటది."

"ఎడమ చెయ్యి కూడా గుంజుతాంది."

"పొద్దన్నుంచి రుద్దుతావు గదా పెద్దమ్మా, గుంజదా మరి?"

ఆమె ముఖం మీద చెమట ఉంది. సాయంత్రం చల్లగానే ఉంది. అది చూశాను. చూసి, పొయ్యి దగ్గర నుంచి లేచి వచ్చిందేమో అనుకున్నాను.

"సరేలే, నువ్వు చెప్పినావు గదా" అని లేచి, దుకాణంలో సోడా తెచ్చుకుని తాగింది. త్రేన్పు వచ్చిందని, తగ్గిందని రోడ్డు అవతలి నుంచి కేకేసి చెప్పింది కూడా. మంగళవారం, బుధవారం పనికి కూర్చుంది. అడిగితే బాగుందంది. నేను రెండోసారి అడగలేదు. నా తల నిండా శుక్రవారం పరీక్షే ఉంది.

గుండె పాఠం మాకు వచ్చే నెల. ఇవాళ పొద్దున ఆ పాఠం తెరిచి చదివాను. గుండె నొప్పి పై కడుపులో కూడా తెలియవచ్చని, ఎడమ చేతికి పాకవచ్చని రెండే వాక్యాలు. ఒక నెల ముందు ఆ పేజీ తిప్పి ఉంటే అనుకున్నాను. తిప్పకపోయినా, తెలియదు అనే మాట నాకు వచ్చు. 'నాకు తెలియదు పెద్దమ్మా, ఆసుపత్రికి పోదాం పా' అని ఉండొచ్చు. మాటలు కొత్తగా నేర్చినదాన్ని కదా, ఆ ఒక్క మాట నోటికి రాలేదు.

పదింటికి వాళ్లింటికి పోయాను. అద్దం మూత ఉన్న చల్లపెట్టెలో పడుకోబెట్టారు. తెల్ల చీర కట్టారు. చేతులు రొమ్ము మీద పెట్టారు. అద్దంలోంచి ఆ చేతులు చూశాను. సున్నానికి వేళ్ల చివర్లు తెల్లబారి పగిలి ఉన్నాయి. చూస్తుండగానే నా లోపల ఏదో మణికట్టు ఎముకల పేర్లు వరసగా చదవడం మొదలుపెట్టింది. నేను చదవలేదు. అవే వచ్చాయి. ఎనిమిదీ తప్పు లేకుండా వచ్చాయి. పుర్రెను పట్టుకున్న రోజు కూడా నేను అంత భయపడలేదు. ల్యాబ్‌లో చెక్కపెట్టెలోని ఎముకలు కూడా ఇట్లాగే ఎవరికో పెద్దమ్మ అయి ఉంటాయని అప్పుడు అర్థమైంది. బయటికి వచ్చేశాను.

మధ్యాహ్నం అమ్మకు సోమవారం సంగతి చెప్పాను. అమ్మ అన్నం కలుపుతున్న చెయ్యి ఆపింది.

"ఆ మాట యాడా అనబాక" అంది. "నువ్వేమన్నా డాక్టరువా? చిన్నపిల్లవి. తెలిస్తే నలుగురూ నిన్నే అంటారు. నర్సు చదువుతా ఉండి చెప్పలేకపోయింది అంటారు. పోయి చదువుకో."

"నేను గ్యాస్ అన్నానమ్మా."

"నేనైనా అదే అందును. సగం ఊరు అదే అంటాది. తిను."

అమ్మ చెప్పింది తప్పు కాకపోవచ్చు. కానీ సాయంత్రం జరిగింది విన్నాక మీరు ఏమనుకుంటారో చూడండి.

పెద్దమ్మ కూతురు గిద్దలూరులో ఉంటుంది. నేను అక్కా అంటాను. పదకొండు గంటల బస్సుకు దిగింది. కొడుకు మంగళూరులో పనిలో ఉన్నాడు, రేపు మధ్యాహ్నానికి గానీ రాలేడు. అతను వచ్చాకే మట్టి చేస్తారు. అయిదు గంటలప్పుడు నేను నీళ్ల కోసం బయటికి వస్తే అక్క రోడ్డు దాటి నా దగ్గరికి వచ్చింది.

"పాపా, అమ్మ నీతో ఏమన్నా అనిందా? నొప్పని, నలతని? అందర్నీ అడుగుతాండా. ఎవురికీ చెప్పలేదంట. నాకు ఫోన్ చేసినప్పుడు కూడా బాగుండా అనింది. ఒక్కరికి కూడా చెప్పుకోకుండా ఎట్ల ఉండిందో" అంది.

చెప్పాలనే నోరు తెరిచాను.

"రేపు నాకు పరీక్ష అక్కా" అన్నాను.

ఆమె తల ఊపింది. "తెలుసు. అమ్మ చెప్పింది. పోయిన వారం ఫోన్‌లో నీ ముచ్చటే. పాపకు అన్నీ వచ్చు, భయం ఒకటే అనింది. బాగా చెయ్" అని నా తల నిమిరి వెళ్లిపోయింది.

ఇంట్లోకి వచ్చి పుస్తకం తెరిచాను. బొమ్మలు కనబడుతున్నాయి, పేర్లు కనబడటం లేదు. రేపు తొమ్మిదిన్నరకు బయటి నుంచి వచ్చే ఆవిడ ఎవరో నా చేతిలో ఒక ఎముక పెడుతుంది. కడుపు దగ్గర వేలు పెట్టి ఇక్కడ ఏముంది అని అడుగుతుంది. మొన్నటిదాకా జవాబు రాదేమో అని నా భయం. ఇప్పుడు జవాబు గబుక్కున వచ్చేస్తుందేమో అని భయం.

పెద్దమ్మ నాకు నేర్పింది పేగుల వరస ఒక్కటే కాదు. కనబడని నీళ్లలో చెయ్యి పెట్టి ఉంచడం నేర్పింది. తను చెప్పింది తప్పని తేలిన రోజు, బోటి కడిగే బండ మీద కూర్చుని, పద్దెనిమిదేళ్ల పిల్లతో, తప్పు నాది అని మొదట తనే అంది. ఆమె అన్నది మేక సంగతి. నాది అంతకంటే పెద్దది. నేను చెప్పిన జవాబు వల్లే పోయిందో లేదో ఎవరూ తేల్చలేరు, నాకు తెలుసు. కానీ వాళ్లమ్మ ఎవరికీ చెప్పుకోలేదని అక్క అనుకుంటోంది. అది నిజం కాదు. అది నిజం కాదని చెప్పగలిగిన మనిషిని నేను ఒక్కదాన్నే.

ఇప్పుడు ఏడున్నర. కిటికీలోంచి ఎదురిల్లు కనిపిస్తోంది. షామియానా కింద కుర్చీలు సగం ఖాళీ అయ్యాయి. అక్క చివరి కుర్చీలో ఒక్కతే కూర్చుని ఉంది. చేతిలో వాళ్లమ్మ ఫోన్. చిన్న బటన్ల ఫోన్ అది. ఈ నాలుగు రోజుల్లో పెద్దమ్మ ఎవరెవరికి ఫోన్ చేసిందో చూస్తున్నట్టుంది. ఒక్కో నంబరు దగ్గర ఆగి, చదివి, కిందికి పోతోంది. చివరిదాకా పోయి మళ్లీ పైనుంచి మొదలుపెడుతోంది. ఫోన్ వెలుగు ఆరినప్పుడల్లా ఏదో బటన్ నొక్కి వెలిగించుకుంటోంది.

రేపు పొద్దున ఆరింటికి పాస్టరు అయ్యగారు ప్రార్థనకు వస్తారు. నేను ఐదున్నరకే పోతాను. అమ్మ లేవకముందే పోవాలి, లేస్తే నన్ను ఆపుతుంది. పరీక్షకు తర్వాత వెళ్తాను. ముందు అక్క పక్కన కూర్చుని ఈ మాట చెప్పాలి: అక్కా, అమ్మ చెప్పింది. నాకు చెప్పింది.